రెండో కాలు పైకొచ్చేదాకా

తొమ్మిదింటికి రమ్మంటే కండక్టరమ్మ ఎనిమిదీ పదికే వచ్చి కూర్చుంది. డిపో అలవాటు మరి. బస్సు తొమ్మిదింటికి కదలాలంటే మనిషి ఎనిమిదింటికల్లా అక్కడ ఉండాలి. కళ్ళజోళ్ళ షాపు పైన మూడో అంతస్తులో ఒక పొడవాటి హాలు అది. పన్నెండు కుర్చీలు సగం చుట్టుగా వేసి ఉన్నాయి. ఒక తెల్లబోర్డు, కిటికీ దగ్గర నీళ్ళ డబ్బా, మూలుగుతూ తిరిగే ఒక ఫ్యాను, అంతే సరంజామా. తలుపు తీసిన వాచ్‌మన్ ఆవిడ నెరిసిన జుట్టు చూసి, "పాఠం చెప్పేది మీరేనా మేడం?" అని అడిగాడు.

"చెప్పించుకునేదాన్ని" అంది ఆవిడ.

వాచ్‌మన్ ఏమనుకున్నాడో గానీ, ఒక కుర్చీ తుడిచి మరీ వేశాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళని వచ్చినట్టు కండక్టరమ్మ కళ్ళతోనే లెక్కపెట్టేసింది. ఇరవై ఏడేళ్ళు బస్సులో తలలు లెక్కపెట్టిన మనిషి, ఎక్కడికెళ్ళినా ఆ పని ఆగదు. తనతో కలిపి పన్నెండు. పదకొండు మందీ ఆవిడ కూతురి ఈడువాళ్ళు, లేదా ఇంకా చిన్నవాళ్ళు. పక్క కుర్చీలో కూర్చున్న పిల్ల మందుల షాపులో ఫార్మసిస్టు. పొట్టిగా, గలగలా ఉండే పిల్ల. కూర్చోగానే "ఆంటీ, మీకు భయంగా లేదా?" అంది.

"ఆదివారం సాయంత్రం పదిహేడో నంబరు బస్సులో టికెట్లు కొట్టావా ఎప్పుడైనా?" అని అడిగింది కండక్టరమ్మ. "కొట్టి ఉంటే ఈ ప్రశ్న అడగవు."

మాట పైకి అలా అన్నది గానీ, లోపల భయం లేకపోలేదు. ఎందుకు లేకపోలేదో చెప్పాలంటే ఆ శిక్షణ సంగతి చెప్పాలి.

సముద్రానికి అవతల ఒక చిన్న దీవుల దేశం ఉంది. అక్కడి రేవుల్లో, చేపల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకి ఇంగ్లీషు నేర్పడానికి జీతం లేని టీచర్లు కావాలని ఒక స్వచ్ఛంద సంస్థ పోస్టరు వేసింది. పది నెలలు ఉండాలి. బస, భోజనం వాళ్ళవే. ఆ పోస్టరు పదిహేడో నంబరు బస్సులోనే, సరిగ్గా డ్రైవరు సీటు వెనక అతికించారు. మూడు నెలలపాటు రోజూ ఎనిమిది ట్రిప్పులు కండక్టరమ్మ దాన్ని చదువుతూనే ఉంది. చివరికి ముందస్తు పదవీ విరమణకు కాగితం పెట్టి, ఆఖరి డ్యూటీ రోజున ఆ పోస్టరు గోటితో జాగ్రత్తగా ఊడదీసి ఇంటికి పట్టుకుపోయింది.

ఆవిడకి ఇంగ్లీషు బడిలో వచ్చింది కాదు. ఆ బస్సు భాషల కాలేజీ మీదుగా వెళ్తుంది. కాలేజీ పిల్లలు ఊగుతూ, తోసుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు సరిదిద్దుకుంటూ మాట్లాడుకునేవారు. ఆ ఊగులాటలోనే ఈవిడా నేర్చుకుంది. నలభై ఒకటో ఏట పోస్టులో పాఠాలు తెప్పించుకుని డిగ్రీ కూడా పూర్తిచేసింది. డిపోలో కొందరు ముక్కున వేలేసుకున్నారు, కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళు ఇప్పటికీ ఆ డిపోలోనే ఉన్నారు, అది వేరే సంగతి.

ఇన్నేళ్ళూ ఇరవై రెండు కిలోమీటర్లు అటు, ఇరవై రెండు కిలోమీటర్లు ఇటు. ఆవిడ భర్త గడియారాలు బాగుచేసే ఆయన. పదవీ విరమణ నాడు కూర్చుని లెక్కగట్టి ఒక చీటీ మీద రాసిచ్చాడు: 'భూమి చుట్టూ ముప్పై మూడు సార్లు.' ముప్పై మూడు సార్లు చుట్టినా ఊరు దాటలేదన్న మాట ఆవిడ మనసులో ముల్లులా ఉండిపోయింది. వెళ్ళాలి. ఒక్కసారైనా బస్సు ఆగే చోటుకి కాకుండా, తను వెళ్ళాలనుకున్న చోటుకి వెళ్ళాలి. ఇదీ ఆవిడ పట్టు.

సరిగ్గా తొమ్మిదింటికి శిక్షణ ఇచ్చే మేడం వచ్చింది. సన్నగా పొడుగ్గా ఉంటుంది, మెడలో తాడుకి ఒక స్టాప్‌వాచ్ వేలాడుతుంటుంది. మొదటి టీ విరామానికే ఆవిడకి స్టాప్‌వాచ్ మేడం అని పేరు పడిపోయింది. వస్తూనే సంగతులు తేల్చిచెప్పేసింది.

"ఈ వారం అయిదు రోజులూ చూస్తాను. శుక్రవారం సాయంత్రం ఒక్కొక్కరికీ ఒక కవరు ఇస్తాను. 'వెళ్ళొచ్చు' అని ఉంటే వచ్చే నెల ప్రయాణం. 'ఇప్పుడు కాదు' అని ఉంటే వచ్చే ఏడు మళ్ళీ ప్రయత్నించండి. ఫారాల్లో మార్పులేమైనా ఉంటే శనివారం మధ్యాహ్నం పన్నెండులోపు ఇచ్చేయాలి. అక్కడ మనకంటే మూడున్నర గంటలు ముందుంటారు, ఇంటివాళ్ళకి ఫోన్ చేసేప్పుడు గుర్తుపెట్టుకోండి."

అందరూ తలూపారు. కండక్టరమ్మకి మాత్రం గుండెలో కలుక్కుమంది. ఎందుకంటే, వాళ్ళు తీసుకునేది యాభై అయిదు నిండనివాళ్ళని. ఆవిడకి నాలుగు నెలల్లో యాభై అయిదు నిండుతాయి. మిగతావాళ్ళకి 'ఇప్పుడు కాదు' అంటే వచ్చే ఏడు. ఆవిడకి 'ఇప్పుడు కాదు' అంటే ఇక ఎప్పటికీ కాదు.

మొదటిరోజు తమాషాగా గడిచింది. స్టాప్‌వాచ్ మేడం ఉన్నట్టుండి ఎవరికీ తెలియని ఏదో భాషలో పాఠం మొదలుపెట్టింది. ఒక్క తెలిసిన మాట లేదు. గ్లాసు చూపిస్తుంది, ఏదో అంటుంది, చెయ్యి చాపుతుంది, ఏదో అంటుంది. బొత్తిగా భాష రానివాడు క్లాసులో కూర్చుంటే వాడి ప్రాణం ఎలా కొట్టుకుంటుందో రేపటి టీచర్లకి తెలియాలట. అందరూ నీళ్ళు నములుతున్నారు. కండక్టరమ్మ మాత్రం మేడం చెయ్యి సగం లేవకముందే మాట పట్టేసి పైకి అనేసేది. మేడం తలుపు వైపు చూస్తే చాలు, "తలుపు తియ్యి!" అని ఆ భాషలో అప్పగించేసేది. క్లాసంతా చప్పట్లు.

టీ దగ్గర ఫార్మసిస్టు పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. "ప్రతిదీ నా నోటిదాకా వచ్చింది ఆంటీ. ఈలోగా మీరు అనేసేవారు."

"చురుకుండాలమ్మా" అంది కండక్టరమ్మ. పొగడ్తే అనుకుంది మహాతల్లి.

ఇల్లు చేరేసరికి చీకటి పడబోతోంది. ఇంటి ముందుగదే గడియారాల షాపు. భర్త కంటికి భూతద్దం బిగించుకుని ఒక చేతిగడియారం మీద వంగి ఉన్నాడు. గోడ నిండా గడియారాలు, బాగుచేయించుకుని తీసుకెళ్ళడం మరిచిపోయినవాళ్ళవే సగం. ఆయన మాటకారి కాదు. ఒక వాక్యం మొదలుపెడితే మధ్యలో ఆగి, తగిన మాట వెతుక్కుని, దొరికాక ముందుకెళ్తాడు. గడియారంలో పళ్ళచక్రం బిగించేటప్పుడు కూడా అంతే. ఈవిడకి అంత తీరిక ఎక్కడిది? ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన వాక్యాలన్నీ ఈవిడే పూర్తిచేసేసింది. ఆయన 'కొంచెం...' అంటే టీ వచ్చేసేది. 'రేపు...' అంటే 'ఆఁ, కరెంటు బిల్లు, కట్టేశాను' అనేసేది. అడపాదడపా ఆయన ఏదో అనబోయి, తల ఊపి ఊరుకునేవాడు. ఊరుకున్నాడంటే సరిపోయిందన్నమాటే కదా అని ఈవిడ లెక్క.

ఈ విదేశం సంగతి ఎత్తినరోజూ అలాగే అయింది. ఆయన కాసేపు ఆలోచించి, "నువ్వు వెళ్తే..." అన్నాడు.

"ఇల్లూ షాపూ మీరు చూసుకుంటారు. నాకు తెలుసులెండి. బంగారం లాంటి మనిషి మీరు" అని ఈవిడ ఫారం నింపుకుంది. ఏడో గడిలో 'వెంట వచ్చే భర్త లేదా భార్య' అని ఉంటే, టక్కున 'లేరు' అని రాసేసింది.

శిక్షణ మొదలైన ఆ సాయంత్రం చెప్పులు విప్పుతూ గోడ వైపు చూసింది. "మూడో గడియారం తప్పు చూపిస్తోందండీ. ఇప్పుడు ఆరున్నరయితే అది పదంటోంది."

"అది..." అన్నాడాయన.

"సెల్ అయిపోయుంటుంది. రేపు నేను తెస్తాలెండి" అంటూ ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

మంగళవారం ఆవిడ మొదటి పాఠం. ఆ హాలుకే రోజూ పదకొండింటికి ఎనిమిది మంది పెద్దవాళ్ళు ఉచితంగా ఇంగ్లీషు నేర్చుకోవడానికి వస్తారు. ఇద్దరు సెక్యూరిటీ గార్డులు, ఒక బ్యూటీపార్లరావిడ, ఒక లాండ్రీ ఆయన, అలాంటివాళ్ళు. వాళ్ళకి ఇరవై నిమిషాలు పాఠం చెప్పాలి. విషయం 'నేను ఏం పని చేస్తాను, ఎక్కడికి ఎలా వెళ్తాను.' ఇంకేం, కండక్టరమ్మకి పండగే. వెనక గోడకి ఆనుకుని స్టాప్‌వాచ్ మేడం నిలబడింది.

లాండ్రీ ఆయన్ని ముందు లేపింది. యాభై ఏళ్ళుంటాయి, మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ. "వేర్ డూ యూ వర్క్?" అని అడిగింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఐ..."

"ఐ వర్క్ ఇన్ ఎ లాండ్రీ! వెరీ గుడ్, కూర్చోండి!"

ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే కూర్చున్నాడు. తర్వాత గార్డు, పార్లరావిడ. ఒక్కొక్కరు నోరు తెరవడమే ఆలస్యం, మిగతా వాక్యం ఆవిడే చేతిలో పెట్టేసింది. ఇరవై నిమిషాల్లో ఎనిమిది మందినీ మూడు చుట్లు తిప్పేసింది. గంట కొట్టేసరికి చెమటలు కారుతున్నాయి, ముఖం వెలిగిపోతోంది. ఎంత ఊపుగా సాగింది పాఠం!

మేడం ఆవిడని కిటికీ దగ్గరికి పిలిచింది. "ఇరవై నిమిషాల్లో మీ గొంతు ఎంతసేపు వినిపించిందో తెలుసా?"

"పది?"

"పదిహేడు నిమిషాల నలభై సెకన్లు. ఎనిమిది మంది గొంతులూ కలిపితే యాభై అయిదు సెకన్లు. మిగతాది కుర్చీల చప్పుడు." స్టాప్‌వాచ్ చూపించింది. "వాళ్ళలో ఒక్కరు కూడా ఒక్క వాక్యం చివరిదాకా చెప్పలేదు. అన్నీ మీరే చెప్పేశారు."

కండక్టరమ్మకి ఒళ్ళు మండిపోయింది. "సాయం చేశాను కదండీ! నోట్లో మాట రాక అల్లాడుతుంటే చూస్తూ ఊరుకోవాలా? కిక్కిరిసిన బస్సులో తరవాతి స్టేజీ దాటేలోపు అరవై టికెట్లు కొట్టాలి. ఒక్కొక్కరూ ఊరి పేరు మొత్తం చెప్పేదాకా ఆగితే బస్సు చివరి స్టాపుకి పోతుంది. నోరు తెరుస్తుండగానే టికెట్ చేతిలో పెట్టేదాన్ని. ఇరవై ఏడేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు కొట్టలేదు!"

"మంచిదే. అక్కడ టికెట్ ఇవ్వడం మీ పని. ఇక్కడ మాట్లాడటం వాళ్ళ పని" అంది మేడం నెమ్మదిగా. "శుక్రవారం మీకు మళ్ళీ పాఠం ఉంది. అప్పుడూ ఇలాగే ఉంటే నేనేమీ చేయలేను. చెప్పడం రాని టీచరుని సర్దుకోవచ్చు గానీ, ఆగడం రాని టీచరుని పంపలేను."

ఆవిడ ముఖం మాడిపోయింది. మెట్లు దిగుతుంటే ఇంతోటి దానికి పోస్టరు ఊడదీసుకెళ్ళానా అనిపించింది. మానేస్తే? ఆ ఆలోచన రెండో అంతస్తు దాకా వచ్చింది, కింద కళ్ళజోళ్ళ షాపు దగ్గరికి వచ్చేసరికి పోయింది. భూమిని ముప్పై మూడు సార్లు చుట్టిన మనిషి నోరు మూసుకోవడం నేర్చుకోలేకపోతుందా? చూద్దాం, అదెంత పని.

అదెంత పనో బుధవారం తెలిసింది. ఫార్మసిస్టు పిల్ల తన షాపు నుంచి దగ్గు బిళ్ళల డబ్బా తెచ్చిచ్చింది. "ఎవరినైనా ప్రశ్న అడగండి, వెంటనే ఒక బిళ్ళ నోట్లో వేసుకోండి. అది కరిగేదాకా మాట్లాడకూడదు ఆంటీ."

"ఇంత పెద్ద బిళ్ళా?"

"అందుకే పెద్దది తెచ్చాను."

టీ కొట్టు ఆయన మీద మొదటి ప్రయోగం. "ఇవాళ రద్దీ లేదే?" అని అడిగి బిళ్ళ వేసుకుంది. ఆయన "అదే..." అన్నాడు, గ్లాసు కడుగుతూ ఆలోచనలో పడ్డాడు. రెండు సెకన్లు. మూడు. కటుక్కుమని బిళ్ళ పళ్ళ మధ్య పగిలింది. "ఎదురుగా రోడ్డు తవ్వారు కదా, అదే కారణం!" అనేసింది. పిల్ల తల పట్టుకుంది. సాయంత్రానికి డబ్బాలో సగం బిళ్ళలు ఖాళీ, నాలుక ఎర్రబడింది, ఒక్క వాక్యమూ అవతలివాళ్ళు పూర్తిచేసింది లేదు. మనసులో పది దాకా లెక్కపెట్టి చూసింది. ఈవిడ లెక్కపెట్టే వేగం మీకు తెలుసుగా, పది అంకెలూ ఒక్క ఊపిరిలో అయిపోయాయి. పెదవి కొరుక్కుంది. లాభం లేదు. గురువారం మేడం ఇంకొకరి పాఠం చూడమని వెనక కూర్చోబెడితే, అక్కడి నుంచి కూడా జవాబు అందించేసింది. క్లాసంతా పగలబడి నవ్వింది. ఆవిడా నవ్వింది గానీ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్కరోజే మిగిలింది.

ఆ సాయంత్రం ఇంటికి పదిహేడో నంబరు బస్సే ఎక్కింది. కొత్త కండక్టరు కుర్రవాడు చలాకీగా ఉన్నాడు. మార్కెట్ స్టాపులో ఒక ముసలావిడ ఎక్కుతోంది. రెండు చేతుల్లో సంచులు. ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టింది, రెండో కాలు ఇంకా నేల మీదే ఉంది. కుర్రవాడు డబుల్ విజిల్ కొట్టేశాడు. బస్సు కదిలింది.

"ఆపు! ఆపవయ్యా!" కండక్టరమ్మ కేక బస్సు పైకప్పుకి తగిలింది. డ్రైవరుకి ఆ గొంతు తెలుసు, బ్రేకు దానంతటదే పడింది. ఈవిడ రెండంగల్లో దూకి ముసలావిడ జబ్బ పట్టుకుంది. సంచులు జారాయి గానీ మనిషి దక్కింది.

"రెండో కాలు పైకొచ్చిందా లేదా చూసుకోవద్దూ?" అని కుర్రవాడి మీద విరుచుకుపడింది. "ముఖం చూస్తే ఏం తెలుస్తుంది? కాళ్ళు చూడాలి, కాళ్ళు! ఎంతసేపైనా కానీ, రెండో కాలు పైకొచ్చేదాకా విజిల్ నోట్లో పెట్టుకోకూడదు!"

"టైమ్ పోతుంది అమ్మా..."

"పోనీ! నా ఇరవై ఏడేళ్ళలో టైమ్ ఎన్నిసార్లు పోయిందో డ్రైవరు గారినడుగు. మనిషి ఒక్కరు కూడా జారలేదు."

"నిజమేరా, ఈవిడతో డ్యూటీ అంటే స్టాపు స్టాపుకీ ప్రాణం విసిగేది" అన్నాడు డ్రైవరు వెనక్కి తిరక్కుండానే.

కండక్టరమ్మ సీట్లో కూర్చుంది. ఇంకో రెండు స్టాపులు పోయాక ఒక్కసారిగా నిటారుగా లేచి కూర్చుంది. తనకి ఆగడం రాదని ఎవరన్నారు? డ్రైవర్లు హారన్లు కొట్టినా, వెనక బస్సులవాళ్ళు తిట్టినా, తను ఆగేది కదా! ఆగడం తన పనిలో సగం. నోటితో తొందర, కళ్ళతో ఓపిక. ఆ రెండోదాన్ని క్లాసుకి తీసుకెళ్ళడం తోచలేదు, అంతే.

శుక్రవారం. అదే హాలు, అదే ఎనిమిది మంది, వెనక అదే స్టాప్‌వాచ్. దగ్గు బిళ్ళలు సంచీలోనే వదిలేసింది. మళ్ళీ లాండ్రీ ఆయన్నే లేపింది. మొదటి పాఠంలో తను మింగేసిన వాక్యం ఆయనదే కదా, అక్కడే మొదలుపెట్టాలనుకుంది.

"వేర్ డూ యూ వర్క్?"

"ఐ..." అన్నాడాయన, ఆగిపోయాడు. ఆవిడ వైపు చూశాడు, అందిస్తుందేమోనని.

ఆవిడ నాలుక చివరిదాకా 'లాండ్రీ' వచ్చేసింది. చూపు దించి ఆయన చెప్పుల వైపు చూసింది. ఒక కాలు పైన ఉంది, ఒకటి కింద ఉంది, ఆగు. ముసలావిడ సంచులు సర్దుకుంటోంది, ఆగు. ఎవరో దగ్గారు. ఫ్యాను మూలిగింది. ఫార్మసిస్టు పిల్ల ఊపిరి బిగబట్టింది. వెనక డ్రైవరు హారన్ కొట్టినట్టే అనిపించింది, కొట్టుకోనీ. ఆవిడ కదల్లేదు.

"ఐ... నో వర్క్" అన్నాడు లాండ్రీ ఆయన. మళ్ళీ ఆగాడు. ఆవిడ మళ్ళీ ఆగింది. "లాండ్రీ... క్లోజ్. లాస్ట్ మంత్. ఐ వాంట్... షిప్. ఐ వాంట్ వర్క్ ఇన్ షిప్. ఇన్ కిచెన్." చెప్పేశాక ఆయన ముఖం కడిగినట్టు తేటగా అయింది. మిగతా ఏడుగురూ ఆయన వైపు తిరిగి చూశారు. పక్క గార్డు ఆయన భుజం తట్టి, సగం వచ్చిన ఇంగ్లీషులోనే ఏ షిప్ అని అడిగాడు. ఆయన చెప్పాడు. పార్లరావిడ ఇంకేదో అడిగింది. క్లాసు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

కండక్టరమ్మ బోర్డు పక్కన నిలబడిపోయింది. లాండ్రీ మూతపడి నెల అయింది. మంగళవారం తను 'ఐ వర్క్ ఇన్ ఎ లాండ్రీ, వెరీ గుడ్' అని కూర్చోబెట్టింది, అప్పటికే పని పోయిన మనిషిని! ఆయన కాదనడానికి మాట రాక తల ఊపి కూర్చున్నాడు. ఒక్కసారి కూడా తప్పు కొట్టలేదని ఎంత గొప్పగా చెప్పుకుంది. తల ఊపి ఊరుకున్నవాళ్ళు ఇంకెంతమందో.

సాయంత్రం కవరు చేతికొచ్చింది. 'వెళ్ళొచ్చు.' మేడం స్టాప్‌వాచ్ చూపిస్తూ, "ఇరవై మూడు సెకన్లు ఆగారు. నా జన్మలో ఎవరూ అంతసేపు ఆగడం చూడలేదు. ఎలా చేశారు?" అంది.

"కాళ్ళు చూశానండీ" అంది కండక్టరమ్మ. మేడంకి అర్థం కాలేదు. పర్వాలేదు.

ఫార్మసిస్టు పిల్లకి కూడా 'వెళ్ళొచ్చు' వచ్చింది. ఎగిరి గంతేసి ఆంటీని కావలించుకుంది. ఈవిడ నవ్వింది, వీపు నిమిరింది. కానీ మనసు అక్కడ లేదు. తల ఊపి ఊరుకున్నవాళ్ళలో అందరికంటే ఎక్కువసార్లు ఊపిన మనిషి ఇంట్లో ఉన్నాడు.

వెళ్ళేసరికి ఆయన బల్ల సర్దుకుంటున్నాడు. కవరు ముందు పెట్టింది. ఆయన భూతద్దం తీసి, చదివి, మళ్ళీ చదివాడు. ముఖం నిండా సంతోషమే. "బాగుంది" అన్నాడు. ఆ ఒక్క మాట పూర్తిగానే అన్నాడు, ఎందుకంటే అది చిన్న మాట.

ఆవిడ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఏమండీ, నేను ఈ సంగతి మొదట చెప్పినరోజు మీరు 'నువ్వు వెళ్తే' అని ఏదో అనబోయారు. అదేంటో చెప్పండి. నేను మాట్లాడను."

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. స్క్రూడ్రైవరు తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. "నువ్వు వెళ్తే..." అని ఆగాడు.

'నాకు తోచదు', 'ఒంటరిగా ఉంటుంది', 'ఆరోగ్యం జాగ్రత్త'. మూడు వాక్యాలు ఆవిడ నోటి వాకిట్లో బారులు తీరి నిలబడ్డాయి. ఒక్కదాన్నీ వదల్లేదు. బల్ల కింద ఆయన పాదాలు కనిపిస్తున్నాయి. వాటి వైపు చూస్తూ కూర్చుంది. గోడ మీద గడియారాలన్నీ టిక్కుటిక్కుమంటున్నాయి. ఇరవై మూడు సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి.

"నువ్వు వెళ్తే... నేనూ వస్తాను అందామనుకున్నా" అన్నాడాయన.

ఆవిడ తలెత్తి ఆయన వైపు చూసింది, గోడ వైపు చూసింది. అప్పుడు సమయం ఆరూ పది. మూడో గడియారంలో తొమ్మిదీ నలభై. సెల్ అయిపోయిన గడియారం ఐదు రోజులుగా ఎలా నడుస్తుంది? సరిగ్గా మూడున్నర గంటలు ముందు. ఆ దీవుల్లో ఇప్పుడెంతయిందో అంతే.

"ఆ గడియారం ఎప్పుడు పెట్టారు?"

"నువ్వు... పోస్టరు తెచ్చినరోజు."

ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది. దాచుకోలేదు. "ఎంత మూర్ఖురాలినండీ నేను! ఫారంలో 'లేరు' అని రాసేశాను. మీరున్నా లేరని రాశాను!" కొంగుతో కళ్ళు తుడుచుకుని, ముక్కు చీది, గభాలున లేచి సంచీలోంచి ఫారం నకలు బయటికి లాగింది. రేపు మధ్యాహ్నం పన్నెండు దాకా గడువుంది. ఎనిమిదీ పదికే వెళ్ళి కూర్చుంటుంది, వాచ్‌మన్ తాళం తీసేలోపే. మేడం కుదరదంటే కుదిరేదాకా ఆ మెట్ల మీదే ఉంటుంది. ఏడో గడిలో 'లేరు' కొట్టేసి, కాగితం ఆయన ముందు పెట్టి, పెన్ను చేతికిచ్చింది. కింద ఒక గీత ఉంది: 'అక్కడ మీరు చేయగల పని.'

"వచ్చి ఏం చేస్తారు?" అని అడిగింది. అడిగి ఊరుకుంది.

ఆయన పెన్ను పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. షట్టర్ బయట ఎవరో, "గడియారం అయిందా అండీ?" అని పిలిచారు. ఆవిడ పలకలేదు. ఆయన గీత మీద ఒక అక్షరం రాసి ఆగాడు. ఇంకొకటి రాశాడు. ఆవిడ ఆయన పాదాల వైపే చూస్తోంది. బయటి మనిషి మళ్ళీ పిలిచాడు.

"అక్కడ కూడా..." అన్నాడాయన చివరికి, సిగ్గుపడుతున్నట్టు నవ్వి, "గడియారాలు ఆగిపోతాయి కదా."